నాలుగు రోజులకోసారి అయితే జబ్బేనా, డాక్టరమ్మ గారూ?

ప్రశ్న:

డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర ఒక పల్లె. నాకు 47 ఏళ్లు. సెంటర్లో చిన్న టైలరింగ్ షాపు నడుపుకుంటున్నాను. మగ డాక్టరుకి చెప్పుకోలేక, ఇంట్లో చెప్పుకోలేక మీకు రాస్తున్నాను. నాకు మొదటినుంచీ రెండు రోజులకోసారి విరేచనం అయ్యేది. ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఈ మూణ్ణాలుగు నెలలుగా మూడు రోజులకో, నాలుగు రోజులకో ఒకసారి అవుతోంది. అదీ గట్టిగా, ముక్కి ముక్కి. వెళ్లొచ్చాక కూడా ఇంకా మిగిలిపోయినట్టే ఉంటుంది. రెండుసార్లు రక్తం చార కనబడింది. కడుపు ఉబ్బరం, అన్నం సయించదు. నెలసరి ఎక్కువగా అవుతోందని ఆస్పత్రిలో చూపించుకుంటే రక్తం తక్కువుందని రెండు నెలల కిందట ఐరన్ మాత్రలు ఇచ్చారు. జుట్టు బాగా ఊడుతోంది, ఒళ్లు కూడా వచ్చింది. అదంతా వయసు వల్లే అంటుంది మా అక్క. రోజూ సాఫీగా అవకపోతే ఆ విషమంతా రక్తంలో కలుస్తుందని భయపెట్టింది కూడా తనే. రోజూ రాత్రి చూర్ణం వేసుకుంటున్నాను. అదే అలవాటైపోతుందేమోనని ఇంకో టెన్షన్. ఇది నాకొక్కదానికేనా, అందరికీ ఉంటుందా?

ఇంకో మాట. మా మామగారికి 76 ఏళ్లు. పోయినేడు పక్షవాతం వచ్చి మంచం మీదే ఉంటున్నారు. వారం రోజులు ఆయనకు విరేచనమే కాలేదు. నేను వేసుకునే చూర్ణమే ఆయనకూ ఇచ్చాను. ఇప్పుడు మూడు రోజుల నుంచి పక్కలోనే నీళ్లలా అయిపోతోంది, రోజుకు ఐదారుసార్లు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు మోషన్లు కట్టే మాత్రలిచ్చారు. ఆయన సంగతి తర్వాత చూద్దాం, ముందు నాకు దారి చెప్పండి.

— ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

మీరు తర్వాత చూద్దామన్న సంగతే ముందు చూడాలమ్మా. మీ మామగారికి అవుతున్నవి మామూలు నీళ్ల విరేచనాలు కాకపోవచ్చు. అది మలబద్ధకమే అయ్యుండొచ్చు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, మంచం పట్టిన పెద్దవాళ్లలో మేం తరచూ చూసేదే ఇది. మీ ఉత్తరం అందిన రోజే ఈ ముక్క మీకు విడిగా చెప్పించాను. ఇక్కడ మళ్లీ రాయడం ఇలాంటి పెద్దాయనో పెద్దావిడో ఉన్న మిగతా ఇళ్ల కోసం.

వారం రోజులు కదలని మలం పెద్దపేగు చివర్లో రాయిలా గడ్డకడుతుంది. పెద్దపేగు పనే నీళ్లు లాగేసుకోవడం. లోపల ఎన్నాళ్లుంటే అన్నాళ్లూ లాగుతూనే ఉంటుంది, గడ్డ ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది. దాని వెనకాల ఉన్న పల్చటి మలం ఆగలేక గడ్డ పక్క సందుల్లోంచి కారిపోతుంది. మన కాలువల్లో లాకుల దగ్గర గుర్రపుడెక్క మేటేసినప్పుడు చూసే ఉంటారు. పైన నీళ్లు నిలిచిపోతాయి, అడుగున సన్నగా కారుతూనే ఉంటాయి. ఆ కారేది చూసి కాలువ పారుతోందని ఎవరూ అనుకోరు. మనిషి విషయంలో మాత్రం అలాగే అనుకుని మోషన్లు కట్టే మాత్ర వేస్తాం. దాంతో ఉన్న కదలిక కూడా ఆగి, గడ్డ బిగుసుకుపోతుంది. అందుకే ఆ మాత్ర ఆ పూటే ఆపమన్నాను.

అవునో కాదో తేల్చడానికి స్కానింగులు అక్కర్లేదు, చాలాసార్లు డాక్టరు గ్లవ్ తొడుక్కుని వేలితో పరీక్ష చేస్తే సరిపోతుంది. అర నిమిషం పని. సిగ్గుపడో, ఓపిక లేకో రెండువైపులా దాన్ని దాటేస్తుంటారు. గడ్డ ఉందని తేలితే ఎనిమా ఇస్తారు, ఒక్కోసారి చేత్తోనే తీయాల్సి వస్తుంది. ఇది ఇంట్లో సబ్బు నీళ్లతో చేసే పని కాదు, ఆ వయసులో పేగు గోడ చిరిగే ప్రమాదం ఉంటుంది. పొట్ట బిగదీసుకుపోయి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోవడం లేదంటే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంకొకటి, మూత్రం సరిగా వస్తోందో లేదో చూడండి. నిండిన మలాశయం మూత్రానికీ అడ్డం పడుతుంది. మామూలుగా మాట్లాడే మనిషి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడుతున్నా కారణం ఇదే కావచ్చు.

మీ చూర్ణం ఆయనకు ఇక వద్దు. ఇసబ్‌గోల్ అసలే వద్దు. అది నీళ్లు పీల్చి ఉబ్బే పొట్టు. గ్లాసుడు నీళ్లు గటగటా తాగగలిగినవాళ్లకే అది మందు. పక్షవాతం వచ్చినవాళ్లకు మింగడం కష్టంగా ఉండి గుక్కెడు గుక్కెడు తాగుతుంటే, గొంతులోనో పేగులోనో అదే అడ్డం పడుతుంది. నూనెలా ఉండే లిక్విడ్ పారఫిన్ మందులు కూడా ఇలాంటివాళ్లకు మంచివి కావు, పొరమారితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గడ్డ తీసేశాక మళ్లీ కట్టకుండా రోజూ ఇవ్వడానికి వేరే మందులున్నాయి. లాక్టులోజ్ సిరప్, పాలీఇథైలిన్ గ్లైకాల్ పొడి లాంటివి. ఇవి పేగును రెచ్చగొట్టవు, మలంలో నీళ్లు నిలిచేలా చేస్తాయి. ఆయన వేసుకునే మిగతా మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు ముందు పెట్టండి. నొప్పులకిచ్చే ట్రమడాల్ లాంటివి, కొన్ని బీపీ మాత్రలు, మూత్రం ఆపుకోలేనివాళ్లకిచ్చేవి, దిగులుకిచ్చేవి పేగును మందగింపజేస్తాయి. ఉదయం టిఫినయ్యాక ఒక పావుగంటకు ఆయన్ని పట్టుకుని కుర్చీ కమోడ్ మీద కూర్చోబెట్టండి. పడుకుని బెడ్‌ప్యాన్‌లోకి వెళ్లడం ఆరోగ్యంగా ఉన్నవాడికే కష్టం, ఆయనకెలా అవుతుంది?

ఇక మీ సంగతి.

మీకొక్కదానికే కాదు. 2021లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో 33 దేశాల్లో 73 వేల మందికి పైగా పెద్దవాళ్లను కడుపు సమస్యల గురించి అడిగారు. ఇంటర్నెట్లో జవాబిచ్చినవాళ్లలో 100కి దాదాపు 12 మందికి దీర్ఘకాలంగా మలబద్ధకం ఉన్నట్టు తేలింది. మన దేశంలోనూ, మరికొన్ని దేశాల్లోనూ ఇంటికెళ్లి ఎదురుగా కూర్చుని అడిగారు. అలా అడిగినచోట 100కి ఏడుగురే. దేశాలు వేరు, తిండి వేరు, అదంతా నిజమే. కానీ గుమ్మంలో కొత్త మనిషి నిలబడి, పక్కన అత్తగారు వింటుండగా, “మీకు విరేచనం సాఫీగా అవుతుందాండి?” అని అడిగితే మన వైపు ఎవరైనా “ఆయ్, అవుతుందండి” అనే అంటారు. ఆ తేడాలో సిగ్గు వాటా కొంత ఉందని నా అనుమానం. అమెరికా ప్రభుత్వ లెక్కల్లో పెద్దవాళ్లలో 100కి 16 మంది, 60 దాటినవాళ్లలో 33 మంది. ఎక్కడ లెక్క చూసినా మగవాళ్లకంటే ఆడవాళ్లలోనే ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు, కాన్పయ్యాక మరీను. పది మంది ఉన్న పెళ్లి బంతిలో ఒకరికి ఉండొచ్చు. ఆ ఒకరు ఎవరో మాత్రం తెలియదు.

ఇప్పుడు అసలు మాట. మీ అక్క రోజులు లెక్కపెడుతోంది, మీరూ అదే చేస్తున్నారు. రోజుకు మూడుసార్లు దగ్గర్నుంచి వారానికి మూడుసార్ల దాకా, ఏదైనా మామూలే. రెండు రోజులకోసారి వెళ్తూ సుఖంగా ఉన్న మీ పాత పద్ధతి జబ్బు కాదు. రోజూ వెళ్తున్నా పావుగంట ముక్కి, మేక పెంటికల్లాంటివి నాలుగు రాల్చి, ఇంకా లోపలే ఉందనుకుంటూ లేచే మనిషికి ఉన్నది మలబద్ధకమే. ఆ మనిషి “నాకు రోజూ అవుతుందండి” అని ధీమాగా చెబుతాడు.

డాక్టర్లు పెట్టుకున్న కొలత ఆరు ప్రశ్నలది. వారానికి మూడుసార్ల కన్నా తక్కువ అవుతోందా? గట్టిగా, ఉండలు ఉండలుగా వస్తోందా? ముక్కాల్సి వస్తోందా? పూర్తిగా కాలేదనిపిస్తోందా? దారిలో ఏదో అడ్డం ఉన్నట్టుందా? వేలితో సాయం చేసుకోవాల్సి వస్తోందా? మొదటిది తప్ప మిగతావి వెళ్లిన నాలుగుసార్లలో ఒకసారికి మించి ఉంటేనే లెక్కకొస్తాయి. ఈ ఆరింటిలో రెండు ఉండి, మూడు నెలలుగా సాగుతూ, మొదలై ఆరు నెలలైతే దీర్ఘకాలిక మలబద్ధకం అంటారు. మీ ఉత్తరంలో నాకు నాలుగు కనబడ్డాయి. ఆరు నెలలు కాలేదు కాబట్టి పేరు పెట్టడానికి తొందర లేదు. ఉన్నట్టుండి ఎందుకు మారిందన్నదే ఇప్పుడు చూడాల్సింది.

ఆరో ప్రశ్న గురించి ఒక మాట, ఇది మీకు కాకపోయినా చదివేవాళ్లలో కొందరికి. వేలితో నొక్కుకుంటే తప్ప కాదని చెప్పే ఆడవాళ్లు నా దగ్గరికి చాలామందే వచ్చారు. పదేళ్లు ఎవరికీ చెప్పనివాళ్లున్నారు. రెండు మూడు కాన్పులయ్యాక మలద్వారం చుట్టూ, యోని వెనక గోడలో కండరాలు సడలడం వల్ల అలా అవుతుంది. కొందరికి ముక్కేటప్పుడు వదులు కావాల్సిన కండరం అదే సమయంలో బిగుసుకుంటుంది. వీళ్లకు ఎన్ని చూర్ణాలు వేసినా పని జరగదు. కండరాలకు తర్ఫీదు ఇచ్చే వ్యాయామాలు, కండరం బిగుస్తోందో వదులవుతోందో యంత్రంలో చూపిస్తూ నేర్పే బయోఫీడ్‌బ్యాక్ అనే పద్ధతి పనిచేస్తాయి. పేగుల డాక్టరుకు ఈ మాట సిగ్గుపడకుండా చెబితే సగం దారి పడినట్టే.

మలం గట్టితనాన్ని చెప్పడానికి ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ఊరి డాక్టర్లు ఒక పట్టిక తయారుచేశారు. 1997లో అచ్చయింది, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. ఏడు రకాలు. విడివిడిగా మేక పెంటికల్లా ఉంటే ఒకటి. ఆ ఉండలే అతుక్కుని బుడిపెల బుడిపెల ముద్దయితే రెండు. పైన పగుళ్లున్న కట్టయితే మూడు. మగ్గిన చక్కెరకేళి పండులా నున్నగా, మెత్తగా ఉంటే నాలుగు. అక్కణ్నుంచి మెత్తటి ముక్కలు, గంజిలాంటిది, చివరికి ఉత్త నీళ్లు. మూడూ నాలుగూ మనకు కావాల్సినవి, ఒకటీ రెండూ మలబద్ధకం. నంబరు చెప్పడం సిగ్గు లేని పని. “రెండో నంబరండి” అంటే చాలు, డాక్టరుకి అర్థమైపోతుంది.

మీకు ఎందుకు మారింది? ఐరన్ మాత్రల మీద అందరికీ అనుమానం వస్తుంది, అది న్యాయమే. ఆ మాత్రలు మలాన్ని గట్టిపరుస్తాయి, నల్లగా కూడా చేస్తాయి. కానీ లెక్క చూసుకోండి. మీ ఇబ్బంది మొదలై మూణ్ణాలుగు నెలలు, మాత్రలు మొదలై రెండు నెలలు. మాత్రలు దాన్ని పెంచి ఉంటాయి గానీ తెచ్చిపెట్టలేదు. మీరు వేరువేరుగా రాసిన నాలుగు ముక్కలు నేను పక్కపక్కన పెట్టి చదివాను: విరేచనం మందగించడం, నెలసరి ఎక్కువ కావడం, జుట్టు ఊడటం, ఒళ్లు రావడం. ఇవన్నీ ఒకే మనిషిలో ఒకేసారి మొదలైతే ముందు గుర్తొచ్చేది థైరాయిడ్ తగ్గడం. వయసు అని తోసేయడానికి 47 ఏమంత వయసు? టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయించుకోండి. పాలకొల్లు, భీమవరం, నరసాపురం ఎక్కడైనా ఏ ల్యాబులోనైనా చేస్తారు. షుగరు, కాల్షియం కూడా అదే రక్తంతో చూడమనండి, ఆ రెండూ తేడా చేసినా పేగు మందగిస్తుంది. థైరాయిడే అని తేలితే రోజూ పొద్దున పరగడుపున వేసుకునే ఒక చిన్న మాత్రతో పేగూ, నెలసరీ రెండూ దారికి రావచ్చు. ఆ మాత్రకూ ఐరన్ మాత్రకూ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి, లేకపోతే ఐరన్ మాత్ర థైరాయిడ్ మాత్రను ఒంటబట్టనివ్వదు.

థైరాయిడ్ మామూలుగా ఉందని వచ్చినా నేను ఊరికే పెట్టుకున్న అనుమానమే కదా, పోయింది ఏమీ లేదు.

ఐరన్ మాత్రలు మీరే మానేయకండి. మీ రక్తం తక్కువే, అవి కావాలి. రోజు విడిచి రోజు వేసుకున్నా శరీరం బాగానే పీల్చుకుంటుందని, ఇబ్బందులు తగ్గుతాయని ఈ పదేళ్లలో పరిశోధనలు చెబుతున్నాయి. మీకు అలా మార్చవచ్చేమో ఇచ్చినవాళ్లనే అడగండి. టీతో మాత్రం మాత్ర మింగొద్దు.

ఆ రక్తం చార గురించి. గట్టి మలం ఒరుసుకుని అంచు చీలితే అలాగే వస్తుంది. వెళ్లేటప్పుడు గాజుపెంకు కోసినట్టు మంట, తర్వాత గంటసేపు సలుపు ఉంటే అది చీలికే. ఆ నొప్పికి భయపడి మనిషి ఆపుకుంటాడు, ఆపుకుంటే ఇంకా గట్టిపడుతుంది, మళ్లీ చీలుతుంది. ఈ గొలుసు తెగేదాకా నయం కాదు. కానీ చూడకుండా నేను చీలిక అనేయను, మీరూ మొలలు అనేసుకోకండి. గోడల మీద గ్యారంటీ వైద్యం రాతలు చూసి అసలే వెళ్లొద్దు. రక్తం తక్కువున్న మనిషికి మలంలో రక్తం కనబడిందంటే, నెలసరే కారణమనిపించినా సరే, ఒకసారి పరీక్ష చేయించుకోవాల్సిందే. 50కి దగ్గరపడ్డాక కొత్తగా వచ్చిన మార్పు, కారణం లేకుండా బరువు తగ్గడం, తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో పేగు క్యాన్సర్, తారులా జిగటగా దుర్వాసనతో నల్లటి విరేచనం, వీటిలో ఏదున్నా కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష దాకా వెళ్లాలని డాక్టరు అంటారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. చాలామందికి అందులో ఏమీ ఉండదు. ఏమీ లేదని తెలియడం కోసమే అది.

మీ ఉత్తరంలో లేని ఒక విషయం నేను ఊహించి అడుగుతాను. మీ షాపులో బాత్రూమ్ ఉందా? మన సెంటర్లలో టైలరింగ్ షాపులు, ఫ్యాన్సీ షాపులు, మెడికల్ షాపులు నడిపే ఆడవాళ్లను అడిగితే చాలామంది లేదంటారు. అందుకని పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా నీళ్లు తాగరు. వచ్చినా ఆపుకుంటారు. మలాశయం నిండగానే ఒక కబురు పంపిస్తుంది. ఆపుకుంటే ఆ కబురు పది పదిహేను నిమిషాల్లో తగ్గిపోతుంది. రోజూ అలా తిప్పి పంపిస్తుంటే కొన్నాళ్లకు కబురు రావడమే మందగిస్తుంది. మలం అక్కడే ఎండుతుంది. చుట్టూ కాలువలు, పక్కనే గోదావరి, కొబ్బరి చెట్టెక్కితే నీళ్లు, ఇలాంటి చోట మనిషి నీళ్లు తాగక మలబద్ధకం తెచ్చుకోవడానికి కారణం దాహం లేకపోవడం కాదు, తలుపున్న ఒక గది లేకపోవడం. పక్క షాపుల నలుగురూ కలిసి కట్టించుకోగలిగితే కట్టించుకోండి. నేను రాసే ఏ మందుకన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

ఇంట్లోనైనా పొద్దున మీ వంతు మీరు తీసుకోండి. పిల్లలు స్కూలుకి, ఆయన పనికి, అందరూ వెళ్లాక మీరు వెళ్దామంటే ఈలోగా కబురు వచ్చి వెళ్లిపోతుంది. ఏదన్నా తిన్నాక, వేడిగా కాఫీ తాగాక పెద్దపేగు తనంతట తాను కదులుతుంది. లేచిన తర్వాత మొదటి తిండికి అది మరీ ఎక్కువ. ఆ అరగంటలోనే కూర్చోవాలి, పది నిమిషాలు చాలు, ఫోను బయట పెట్టేయాలి. మామగారి కోసమో మోకాళ్ల కోసమో వెస్ట్రన్ కమోడ్ పెట్టించుకుని ఉంటే, పాదాల కింద జానెడు ఎత్తు పీట వేసుకోండి. వంటింటి పీట సరిపోతుంది. మోకాళ్లు నడుము కన్నా పైకి లేస్తే, మలాశయం చుట్టూ కొక్కెంలా పట్టుకుని ఉండే కండరం వదులై దారి తిన్నగా అవుతుంది. గొంతుక్కూర్చునే మన పాత దొడ్లలో ఉన్న సుఖం అదే.

తిండి గురించి అందరూ చెబుతారు, నేను మన తిండి వరకే చెబుతాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 2000 క్యాలరీలు తినేవాళ్లకు 30 గ్రాముల పీచు ఉండాలంటుంది. పాలిష్ పట్టిన బియ్యం 100 గ్రాముల్లో మూడు గ్రాములు కూడా ఉండదు. మీకు దగ్గర్లో మార్టేరులో పుట్టి, 1982లో విడుదలై దేశమంతా పాకిన స్వర్ణ బియ్యాన్ని నేను తప్పుపట్టను. అది మంచి బియ్యమే, తవుడంతా పోయేదాకా తెల్లగా మర ఆడించడం మనం చేసుకున్నది. దంపుడు బియ్యం దొరికి సయిస్తే సరే, లేకపోతే అన్నం తగ్గించి కూర పెంచండి. కుంచెడు అన్నంలోకి చారెడు కూర నంజుకోవడం, పెరుగన్నంలోకి ఆవకాయ ముక్క, ఇదీ మన భోజనం. తోటకూర కాడలతో సహా, గోరుచిక్కుడు, మునగాకు, కంద బచ్చలి, పనసపొట్టు, అరటి దూట, ఇవన్నీ మీ పెరట్లోనో పక్కింటి పెరట్లోనో ఉన్నవే. పొట్టు పెసలు 100 గ్రాముల్లో 16, 17 గ్రాముల పీచుంటే, పొట్టు తీసిన పెసరపప్పులో దాదాపు సగమే. కాబట్టి పెసరట్టు పొట్టుతోనే రుబ్బండి, అది మన వైపు ఎలాగూ తెలిసిన పనే. సాయంత్రం షాపులో టీ, బిస్కట్ల బదులు సెనగ గుగ్గిళ్లో, బొబ్బర్లో, గింజలతో సహా ఒక జామకాయో తినండి. శీతాకాలం వస్తే తేగలు. పడుకునేముందు ఒక చక్కెరకేళి పండు తింటే పొద్దున్నే అయిపోతుందని మన దగ్గర గట్టి నమ్మకం. పండు మంచిదే, కానీ అందులో ఉండేది మూడు గ్రాముల లోపు పీచు, దానిమీద అంత భారం వేయకండి. ఇదంతా ఒక్కరోజులో పెంచితే గ్యాస్ పట్టి నన్ను తిట్టుకుంటారు. రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచుకోండి.

నీళ్లు రెండు లీటర్లు, మన ఎండాకాలపు ఉక్కపోతలో ఇంకాస్త. ఐదు లీటర్లు తాగితే అంతా కొట్టుకుపోతుందన్నది నిజం కాదు. ఎక్కువైన నీళ్లు మూత్రంలోకే పోతాయి.

చూర్ణం అలవాటవుతుందా అన్నారు. ఇలాంటి చూర్ణాల్లో చాలావాటిలో పనిచేసేది సునాముఖి ఆకు. పేగు కండరాన్ని తట్టి లేపుతుంది. తగిన మోతాదులో వాడితే పేగు శాశ్వతంగా మొద్దుబారిపోతుందన్న భయానికి గట్టి ఆధారం లేదు, ఆ టెన్షన్ వదిలేయండి. నాకు నచ్చనిది వేరు. ఎంత వేసుకుంటున్నారో తెలియదు, అందులో ఇంకేం కలిసిందో అట్ట మీద సరిగా ఉండదు, కడుపులో మెలిపెడుతుంది. మోతాదు పెరిగి నీళ్లలా పోతుంటే ఒంట్లో పొటాషియం పడిపోతుంది. మీకు మాత్రం ఇసబ్‌గోల్ బాగానే పనికొస్తుంది: రాత్రి రెండు చెంచాలు పెద్ద గ్లాసుడు నీళ్లలో కలిపి, చిక్కబడేలోగా తాగేసి, ఇంకో గ్లాసు నీళ్లు తాగండి. వారం చూసినా ఫలితం లేకపోతే మామగారి కోసం చెప్పిన పాలీఇథైలిన్ గ్లైకాల్ పొడే మీకూ అడగండి. ఆముదం జోలికి వెళ్లకండి. మా చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఒక ఆదివారం పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి కాఫీలో ఆముదం పోసి తాగించేవారు. ఆ రోజంతా దొడ్డి దగ్గర క్యూ. నాకిప్పటికీ ఆ కాఫీ వాసన గుర్తొస్తే కడుపులో తిప్పుతుంది. అది పేగును ఒక్కసారి ఊడ్చేస్తుందే గానీ, రేపటి అలవాటును బాగుచేయదు.

విషం సంగతి మీ అక్కకు చెప్పండి. నూరేళ్ల కిందట పెద్ద పెద్ద డాక్టర్లే అలా నమ్మారు. లండన్‌లో సర్ విలియమ్ ఆర్బుత్‌నాట్ లేన్ అనే పేరుమోసిన సర్జన్ ఒంట్లో విషం చేరుతోందని మలబద్ధకం ఉన్నవాళ్లకు పెద్దపేగే కోసి తీసేసేవాడు. తర్వాత ఆ వాదం నిలబడలేదు. కడుపు నిండినట్టు, తల బరువుగా, నోరు చేదుగా ఉండటం నిజమే. అది నిండిన పేగు సాగడం వల్ల వచ్చే ఇబ్బంది, రక్తంలో కలిసిన విషం కాదు.

మీ షాపులో గోడ క్యాలెండరు ఉంటుంది కదా. ఈ నెల వెళ్లిన రోజు గళ్లో ఆ నంబరు వేయండి, ఒకటో రెండో మూడో. ముక్కాల్సి వస్తే పక్కన ఒక చుక్క, రక్తం కనబడితే ఎర్ర పెన్నుతో ఒక గీత. చూసినవాళ్లు కుట్టుకూలి లెక్కనుకుంటారు. మామగారి మంచం పక్కన ఇంకో క్యాలెండరు పెట్టి ఆయనదీ అలాగే రాయండి, ఆయనకు మూడు రోజులు గడి ఖాళీగా ఉంటే నాలుగో రోజు దాకా ఆగకుండా డాక్టరుకి ఫోన్ చేయండి. నెల తిరిగాక మీ కాగితం, టీఎస్‌హెచ్ రిపోర్టు, ఐరన్ మాత్రల అట్ట మూడూ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. రక్తం మళ్లీ కనబడితే మాత్రం నెల తిరిగేదాకా ఆగొద్దు.